పాల్ వాలేరీ వ్యాసాలు: ఎలా చదవాలి, తెలుగులోకి ఎలా తేవాలి

వేకువపుట
ఫ్రెంచ్ కవి పాల్ వాలేరీ (1871–1945) పద్యాలన్నీ కలిపినా ఒక సన్నటి పుస్తకం. వచనం అలా కాదు. ‘వారియెతే’ పేరుతో 1924కీ 1944కీ మధ్య వచ్చిన ఐదు వ్యాస సంపుటాలు, లియొనార్డో మీద రాసినవి, చిత్రకారుడు దెగా మీద పుస్తకం, సోక్రటీసు మాట్లాడే సంభాషణలు అన్నీ పేర్చితే పద్యాల పుస్తకం వాటి కింద కనబడదు. అయినా ఆ వచనంలోంచి బయట తిరిగేవి రెండు మూడు మాటలే. వచనం నడక, కవిత్వం నాట్యం అన్నది ఒకటి. కవిత రాసేది ఊహలతో కాదు, మాటలతో అన్నది ఇంకొకటి. ఈ రెండోది అసలు ఇంకో ఫ్రెంచ్ కవి మలార్మే మాట. దెగాతో ఆయన అన్నదాన్ని వాలేరీ మనకు చేరవేశాడు.

నా ప్రశ్నలు మూడు. ఈ వ్యాసాలు కవిత్వానికి వ్యాఖ్యానమా, లేక వ్యాసమే ఆయనకు విడిగా ఒక ప్రక్రియా? మొదట ఏది చదవాలి? తెలుగు చేయబోతే ఎక్కడ దెబ్బ తింటుంది?

నా మటుకు నాకు అవి పద్యం లాగే కొలతకు లోబడి చేసిన పని అనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

అరసున్న
కొలత అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. 1921లో ‘యూపాలినోస్’ అనే సంభాషణ రాసింది ‘ఆర్షితెక్త్యూర్’ అనే పెద్ద ఆల్బమ్ కోసం. పేజీల అమరిక ముందే ఖాయమైపోయింది. అందులో ఇమిడే వచనం సరిగ్గా 1,15,800 అక్షరాలు ఉండాలన్నారు. నిర్ణీత ఛందస్సులకు అలవాటు పడ్డ మనిషికి ఆ షరతు మొదట వింతగా తోచినా మోయదగ్గదిగానే కనిపించింది. సంభాషణ రూపం ఎంచుకున్నది అందుకే అని ఆయనే ఒక ఉత్తరంలో చెప్పాడు. సంభాషణ సాగుతుంది, కుదించుకుంటుంది. పెద్దగా అర్థం లేని ఒక జవాబును చేర్చినా తీసేసినా లెక్క సరిపోతుంది. మన పద్యకవులు గణం చాలక ‘అల’, ‘ఆ’ చేర్చే పద్ధతికి ఇది దగ్గరే. తేడా ఏమిటంటే వాలేరీ దాన్ని దాచలేదు.

చాలా వ్యాసాల వెనక ఇలాంటి పిలుపు ఒకటి ఉంటుంది: ముందుమాట, ఉపన్యాసం, పత్రిక, బొమ్మల పుస్తకం. కాబట్టి ఏ వ్యాసం తెరిచినా ముందు చూడాల్సింది మూడు. ఎవరు అడిగారు, ఎంత నిడివి, చదివేవాడు ఎవరు. ఇవి తెలియకపోతే ఆయన ఎందుకు అక్కడ ఆగిపోయాడో అర్థం కాదు, లోపమనుకుంటాం.

దత్తపది
అరసున్న గారు చెప్పింది సగం. అడిగినవాళ్ల కోసం రాశాడు సరే, సరుకు ఎక్కడిది? 1894 నుంచి చనిపోయే ఏడాది దాకా దాదాపు రోజూ తెల్లవారుజామున రాసుకున్న నోటుపుస్తకాల నుంచి. 261 పుస్తకాలు, 26 వేల పైచిలుకు పేజీలు. బతికుండగా వాటిని గ్రంథంగా కూర్చలేదు. 1957–61 మధ్య ఉన్నవి ఉన్నట్టు ఫొటో ప్రతులుగా 29 సంపుటాల్లో అచ్చయ్యాయి. తర్వాత 1973–74లో గలిమార్ ప్రచురణ సంస్థ ప్లెయాద్ వరుసలో విషయాల వారీగా ఎంపిక చేసిన రెండు సంపుటాలు వచ్చాయి.

నోటుపుస్తకంలో ఆలోచన ముక్కలుగా ఉంటుంది, ఎదుటివాడు ఉండడు. వ్యాసంలో ఎదుటివాడు ఉంటాడు కాబట్టి మర్యాద వస్తుంది, వాక్యం సాగుతుంది, ‘క్షమించండి, ఇక్కడ కాస్త పక్కకు వెళ్తున్నాను’ లాంటి అడుగులు వస్తాయి. ఈ మర్యాదను చూసి కొందరు ఆయన వ్యాసాలను కాలక్షేపం కింద లెక్కగడతారు. అది పొరపాటు చదువు. మర్యాద పైపొర. కింద ఉన్నది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: దీన్ని నేను చేయాల్సి వస్తే ఎలా చేసి ఉండేవాణ్ణి?

1895లో, ఇరవై మూడేళ్ల వయసులో, ‘లియొనార్డో డావిన్చీ పద్ధతికి ప్రవేశిక’ రాసినప్పుడే ఈ ప్రశ్న ఖాయమైంది. అందులో లియొనార్డో జీవితచరిత్ర కోసం వెతికితే ఏమీ దొరకదు. అలాంటి మనసు ఎలా పనిచేయాలో ఊహించి కట్టడమే ఆ వ్యాసం. 1919లో దానికే ‘గమనిక, పక్కదారి’ అని ఇంకో వ్యాసం తగిలించాడు. ఆ తర్వాత మళ్లీ మార్జిన్లలో తన మీద తానే వ్యాఖ్యలు రాసుకున్నాడు. అసలు, దాని మీద అసమ్మతి, ఆ అసమ్మతి మీద మార్జిన్ మాట. మూడు వయసుల వాలేరీలు ఒకే పుటలో. ప్రక్రియ దృష్టితో చూస్తే నాకు అన్నింటికన్నా విలువైన చోటు అదే. వ్యాస ప్రక్రియకు ఆద్యుడనే మొంతేన్ 1580లో అచ్చువేసిన తన వ్యాసాల్లోకి చివరిదాకా కొత్త వాక్యాలు దూరుస్తూ పోయాడు, పాతదాన్ని పెద్దగా కొట్టేయలేదు. వాలేరీ పాతదాన్ని పక్కన నిలబెట్టి దానితో వాదించాడు.

రేగడి
‘వ్యాసం’ అన్న మన మాట కూడా చూడండి. ఫ్రెంచ్ ‘ఎసే’ వెనక లాటిన్‌లో తూచడం అనే అర్థం ఉంది, అందులోంచే ప్రయత్నించి చూడటం అన్నది వచ్చింది. మనది సంస్కృతం నుంచి వచ్చిన మాట, విడదీసి పరచడం, విస్తరించడం అని. మాట మనల్ని ఒక వైపుకు తోస్తుంది. తెలుగులో వ్యాసం అనగానే తెలిసిన విషయాన్ని విప్పి చెప్పడం అనుకుంటాం: ఉపోద్ఘాతం, విషయం, ముగింపు. వాలేరీని ఆ చట్రంలో పెడితే ముగింపు కోసం వెతుకుతాం, దొరకదు. ఆయన తూస్తాడు, తూకం అయ్యాక త్రాసు పక్కన పెట్టేస్తాడు.

లెక్కల్లో వ్యాసం అంటే వృత్తాన్ని కేంద్రం మీదుగా కోసే గీత కదా. వాలేరీకి ఈ అర్థమే బాగా నప్పుతుందని నాకు అనిపిస్తుంది.

మొదట చదవాల్సింది మాత్రం లియొనార్డో కాదు. అది కష్టం, గొంతులో యువకుడి బిగువు ఎక్కువ. 1939లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఉపన్యాసం ‘కవిత్వం, అమూర్త చింతన’తో మొదలుపెట్టాలి. వినేవాళ్ల కోసం రాసింది కాబట్టి మెట్లు కనబడతాయి.

వేకువపుట
ఆ మెట్లు కాస్త విడమర్చి చెబుతారా? ఉదాహరణలన్నీ గుర్తుండిపోతాయి గానీ ఏది దేని తర్వాత, ఎందుకు అన్నది జారిపోతుంది.

రేగడి
తప్పకుండా. మొదట జనం అనుకునే మాట ముందుంచుతాడు: కవిత్వానికీ అమూర్త ఆలోచనకూ పడదని. దాన్ని ఖండించడు. ముందు మాటల్ని శుభ్రం చేసుకోవాలంటాడు, శస్త్రచికిత్సకు ముందు వైద్యుడు చేతులు కడుక్కుని ఆ చోటును సిద్ధం చేసినట్టు. మాట అంటే గండి మీద వేసిన పల్చటి పలక. చకచకా దాటిపోతే మోస్తుంది. దాని మీద నిలబడి ఊగితే విరిగిపోతుంది. దీనికి ఆయన తీసుకున్న ఉదాహరణ ‘తాఁ’ అనే మాట, అంటే కాలం. వాడుకలో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపి, పట్టుకుని, ‘అసలు నువ్వేమిటి’ అని అడిగితే చిక్కుముడి అయిపోతుంది.

ఆ తర్వాతే తన అనుభవంలోకి వస్తాడు. వీధిలో నడుస్తుంటే ఒక లయ పట్టుకుంది, దానికి ఇంకో లయ తోడైంది, సంగీతం తెలియని మనిషికి అది తగని కానుక. నడకకు సాధారణంగా ఊహలు పుట్టాలి, ఈసారి లయ పుట్టింది. అంటే కవి స్థితి వచ్చినంత మాత్రాన కవిత రాదు అని చెప్పడానికి ఇది పునాది. దాని మీద దెగా, మలార్మే సంభాషణ నిలబెడతాడు.

తర్వాత నిప్పు ఉదాహరణ. ఎవరో నిన్ను నిప్పు అడిగారు. ఇచ్చేశావు. అర్థమైన మరుక్షణం ఆ వాక్యం చచ్చిపోయింది, దాని పని అయిపోయింది. కానీ ఆ గొంతు, ఆ ఉచ్చారణ నీలో మిగిలిపోయి మళ్లీ వినాలనిపిస్తే అది వేరే లోకం. నడక, నాట్యం ఇక్కడ వస్తాయి, అంతకు ముందు కాదు. చివరికి శబ్దానికీ అర్థానికీ మధ్య ఊగే లోలకం.

చూడండి, నడక–నాట్యం పోలికను విడిగా ఎత్తుకుంటే అది అలంకారం అయిపోతుంది. నిప్పు తర్వాత వస్తే ఒక వాదన. నడకకు గమ్యం ఉంది, చేరగానే నడక రద్దవుతుంది, నిప్పు వాక్యం రద్దయినట్టు. నాట్యానికి చేరాల్సిన చోటు లేదు, అయినా వాడేది అవే కాళ్లు, అవే కండరాలు. కవిత్వమూ వాడేది అవే మాటలు. ఈ చివరి ముక్క వదిలేసి ఉటంకిస్తారు, అందుకే పోలిక పేలవంగా కనబడుతుంది.

సముద్రపుగాలి
ఈ వ్యాసాన్ని తెలుగు చేసేవాళ్లకు ఒక అదృష్టం ఉంది. ఫ్రెంచ్ ‘తాఁ’ సమయాన్నీ వాతావరణాన్నీ వ్యాకరణంలో క్రియ కాలాన్నీ కూడా చెబుతుంది. మన ‘కాలం’ కూడా సమయం, వానాకాలం, భూతకాలం, పైగా ‘కాలం చేశాడు’. ఇంగ్లిష్‌లో ఇవి మూడు వేరు మాటలు, అక్కడ అనువాదకుడు చేతులెత్తేయాలి. తెలుగులో ఒక్క మాటతో పని జరుగుతుంది. ‘సమయం’ అని మాత్రం వేయకూడదు, వేస్తే ఉదాహరణ కూలిపోతుంది.

నిప్పు దగ్గర ‘అగ్గిపెట్టె ఉందా’ అని రాస్తే వస్తువు అడిగినట్టవుతుంది. ‘కాస్త నిప్పిస్తారా’ చాలు. చిన్న వాక్యం, గొంతు వినబడే వాక్యం. వాదన అంతా దాని ధ్వని మీద నడుస్తుంది కాబట్టి పైకి చదివి ఎంచుకోవాలి.

ఇక దెబ్బ తినే చోటు ‘ఎస్ప్రీ’. మనసు, బుద్ధి, మేధ, చిత్తం, ఆత్మ… ఆత్మ అని వేస్తే మొత్తం మతం వైపు వెళ్లిపోతుంది, వాలేరీ ఉద్దేశం అది కాదు. ‘మనసు’ అంటే భావోద్వేగం ముందుకొస్తుంది. ‘మేధ’ దగ్గరే గానీ కాస్త చల్లగా ఉంటుంది. నా సలహా ఇది: మొదట వ్యాసమంతా ఒకసారి తిరగేసి ఆ మాట వచ్చిన ప్రతి చోటూ ఒక కాగితం మీద వాక్యంతో సహా రాసుకోవాలి. తర్వాత ఒకే మాట ఎంచుకుని అన్ని చోట్లా పెట్టి చూడాలి. ఎక్కడ పొసగదో అక్కడ మాట మార్చకుండా వాక్యం మార్చాలి. ‘ఫోర్మ్’ (రూపం), ‘అజార్’ (యాదృచ్ఛికం), ‘ఫేర్’ (చేయడం) మాటలకీ ఇదే పద్ధతి. ఒక పేరాలో రూపం, ఇంకోదానిలో ఆకృతి, మరోచోట ఆకారం అని అందం కోసం మార్చుకుంటూ పోతే ఆయన వాదన తెగిపోతుంది. ఆయన అదే మాటను తిప్పి తిప్పి వాడటమే ఆలోచన.

దత్తపది
‘మేధకు సంకటం’ వ్యాసం మొదటి వాక్యం దగ్గర ఒక ప్రశ్న. 1919 ఆగస్టులో ఎన్నారెఫ్ (‘నూవెల్ రెవ్యూ ఫ్రాన్సేజ్’) పత్రికలో మొదట వచ్చిన ఆ వాక్యం అందరికీ తెలిసిందే: నాగరికతలమైన మనకు ఇప్పుడు తెలుసు, మనమూ చావు ఉన్నవాళ్లమేనని. ఇక్కడ ‘మనం’ వేయాలా, ‘మేము’ వేయాలా? ఫ్రెంచ్‌కు ఈ తేడా లేదు, మనకు తప్పదు.

అరసున్న
చిన్న సవరణ. అది మొదట వచ్చింది ఎన్నారెఫ్‌లో కాదు. లండన్ పత్రిక ‘అథీనియమ్’లో 1919 ఏప్రిల్, మే నెలల్లో రెండు ఉత్తరాలుగా ఇంగ్లిష్‌లో వచ్చింది. ఆగస్టులో ఫ్రెంచ్‌లో. ఇది మీ ప్రశ్నకే పనికొస్తుంది. ఉత్తరం ఇంగ్లండు పాఠకుడికి. మొదటి ప్రపంచ యుద్ధం ఇద్దరూ కలిసి చేశారు. రాసేవాడూ చదివేవాడూ ఒకే పడవలో ఉన్నారు కాబట్టి ‘మనం’ అంటాను.

దత్తపది
సవరణకు ధన్యవాదాలు, తప్పు నాదే. కానీ ‘మనం’ దగ్గర ఒప్పుకోలేను. ఆ వాక్యంలో మాట్లాడుతున్నది రచయిత కాదు, నాగరికతలు. వెంటనే ఏలామ్, నినెవె, బాబిలోను అందమైన అస్పష్టమైన పేర్లుగా వస్తాయి. తర్వాత ఫ్రాన్సు, ఇంగ్లండు, రష్యా కూడా అందమైన పేర్లే అవుతాయంటాడు. లుసితానియా కూడా అందమైన పేరే అంటాడు. 1915లో మునిగిన ఓడ అది, ఆనాటి పాఠకుడికి గుండెలో గుచ్చుకునే పేరు. ఈ గొంతు చావు అంచున నిలబడి చెబుతున్న సాక్ష్యం. సాక్ష్యానికి ‘మేము’ నప్పుతుంది. ‘మేము, నాగరికతలం, మాకూ చావుందని ఇప్పుడు మాకు తెలుసు.’

రేగడి
దత్తపది గారి ‘మేము’ గొప్పగా మోగుతుంది గానీ తెలుగు పాఠకుణ్ణి బయట నిలబెడుతుంది. యూరప్ తన గురించి తాను చెప్పుకున్న మాట అది అనుకుంటే ఆ బయట నిలబెట్టడమే న్యాయం. ఆ వ్యాసంలోనే తర్వాత యూరప్ అంటే ఆసియా ఖండానికి ఒక చిన్న కొమ్ము మాత్రమే అవుతుందా అని అడుగుతాడు. మనం ఆ ఖండంలో కూర్చుని చదువుతున్నాం. నాకు ‘మేము’ వైపే మొగ్గు.

అరసున్న
నేను ‘మనం’ దగ్గరే ఉంటాను. పర్యాయపదం వదిలేసినా ఫరవాలేదు గానీ సర్వనామం ఒకసారి ఎంచుకున్నాక వ్యాసం చివరిదాకా అదే ఉండాలి. మొదటి వాక్యంలో ‘మేము’ వేసి మూడో పేరాలో ‘మనం’ అయిపోవడమే అసలు ప్రమాదం.

గుల్లసున్నం
ఎవరూ ‘మనిషి, గుల్ల’ ఎత్తలేదు. 1937 నాటి వ్యాసం, గుల్లల బొమ్మల పుస్తకానికి ముడిపడి పుట్టింది. ప్రక్రియగా వాలేరీ వ్యాసం ఏం చేయగలదో చూడాలంటే నా దృష్టిలో దీనికి మించింది లేదు.

నడక ఇది. రొదలో ఒక స్వచ్ఛమైన స్వరం వినబడ్డట్టు, చిందరవందరగా ఉన్న వస్తువుల మధ్య స్ఫటికం, పువ్వు, గుల్ల విడిగా కనబడతాయి అంటూ మొదలవుతుంది. చేతిలో గుల్లను తిప్పుతూ, మొదటిసారి చూస్తున్నట్టు వర్ణించబోతాడు. మాటలు చాలవు. కాగితాన్ని పొట్లంలా చుట్టి చూస్తాడు. మనకు పల్లీల పొట్లం తెలుసు కదా, ఒక అంచు చుట్టు తిరుగుతూ మెట్టులా పైకి పోతుంది. జ్యామితి చుట్టును చెప్పగలదు గానీ గుల్ల నోటి దగ్గర అది ఎందుకు ఆగిందో, అంచు ఎందుకు మడత పడిందో చెప్పలేదు.

అప్పుడు పసిపిల్లవాడి ప్రశ్న: దీన్ని చేసిందెవరు? ఈ ప్రశ్నలోనే మనిషి దొరికిపోతాడు. వివరించడం అంటే ఒక చేసే తీరును వర్ణించడమే, ఆలోచనలో మళ్లీ చేయడమే అంటాడు. సరే, మనిషయితే గుల్లను ఎలా చేస్తాడు? పదార్థం ఎంచుకోవాలి, రూపం వేరుగా అనుకోవాలి, ప్రయోజనం చూసుకోవాలి, ఒక పని తర్వాత ఒక పని. ప్రాణి అలా చేయదు. ప్రకృతికి గట్టి పదార్థాన్ని నేరుగా చెక్కడం చేతకాదు, రాయీ లోహమూ ఆ స్థితిలో దానికి పనికిరావు. అది ద్రవం నుంచి, జిగురు నుంచి మొదలుపెడుతుంది. జీవశాస్త్రం ప్రకారం కూడా మెత్తటి ఒంటిని కప్పిన పొర అంచు నుంచి కాల్షియం కార్బొనేట్ ఊరి, నోటి అంచుకు కొంచెం కొంచెంగా చేరుతుంది. చుట్టు, మందం, రంగుల గీతలు, లోపలి మెరుపు అన్నీ ఒకే ఎదుగుదలలో వస్తాయి. రూపం ముందు, పదార్థం తర్వాత అన్నది అక్కడ లేదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఫ్రెంచ్ తత్వవేత్త గాస్తోఁ బాషెలార్ ఇంటి స్థలాల మీద రాసిన పుస్తకంలో గుల్ల అధ్యాయాన్ని ఈ వ్యాసంతోనే మొదలుపెట్టాడు. ఇంకో కవి ఫ్రాన్సిస్ పోంజ్ 1942 సంపుటిలో గుల్ల మీద ఒక రచన ఉంది, పక్కన పెట్టి చదవాలి. పోంజ్ గుల్లను ఇసుక మీద దొరికిన చోటే ఉంచి, దాని కొలతను పెంచి చూస్తాడు. వాలేరీ చేతిలోకి తీసుకుని, ఎలా చేయాలా అని అడుగుతాడు. ఇద్దరూ కవులే, ఇద్దరిదీ వచనమే.

వేకువపుట
ఇదే మనం తెలుగు చేయాల్సింది. అయితే శీర్షికలోనే చిక్కుంది. గవ్వా, శంఖమా, చిప్పా, గుల్లా?

గుల్లసున్నం
గవ్వ వద్దు. ఎదిగిన గవ్వకు చుట్టు లోపలికి పోయి, బయటికి సన్నటి చీలిక మాత్రమే కనబడుతుంది. వ్యాసమంతా చుట్టు మీద నడుస్తుంటే గవ్వ మనసులో తప్పు బొమ్మ వేస్తుంది. ఆల్చిప్పకు రెండు రేకులు, అదీ కుదరదు. శంఖానికి చుట్టు ఉంది గానీ పూజగది కూడా వెంట వస్తుంది. వాలేరీ దాన్ని పేరు లేని వస్తువుగా, మొదటిసారి చూసే వస్తువుగా చేయడానికి పేజీలు ఖర్చు పెట్టాడు. ‘గుల్ల’ మంచిది. మొదటిసారి వచ్చినప్పుడు ‘సముద్రపు నత్తగుల్ల’ అని, తర్వాత గుల్ల అని.

ఇంకో ఉచ్చు దిశ దగ్గర ఉంది. చుట్టు ఏ వైపు తిరుగుతుందన్న ముచ్చట వ్యాసంలో వస్తుంది. అక్కడ కుడిచుట్టుకు ‘దక్షిణావర్తం’ అని వేయాలనిపిస్తుంది. వేయకూడదు. శాస్త్రంలో మొన పైకి, నోరు మన వైపు ఉండేలా పట్టుకున్నప్పుడు నోరు కుడి పక్కన ఉంటే కుడిచుట్టు. ఎక్కువ గుల్లలు ఇలాంటివే. మన సంప్రదాయంలో అరుదనీ విలువైనదనీ చెప్పే దక్షిణావర్త శంఖం శాస్త్రం లెక్కలో ఎడమచుట్టు, ఎందుకంటే పట్టుకునే తీరు తలకిందులు. మామూలుగా దొరికే శంఖాన్నే సంప్రదాయం వామావర్తం అంటుంది. మాట మార్చకుండా దించితే సర్వసాధారణమైనది అపురూపమైపోతుంది, వాదన బోల్తా పడుతుంది. ‘కుడిచుట్టు’, ‘ఎడమచుట్టు’ అని పెట్టి, మొదటిసారి వచ్చిన చోట ఎలా పట్టుకోవాలో ఒక్క వాక్యం చేర్చితే సరి.

సముద్రపుగాలి
అంతకన్నా లోతైన ఉచ్చు క్రియలో ఉంది. ‘ఫేర్’, అంటే చేయడం. మనకు నోటికి వచ్చేవి వేరు: నత్త గుల్ల కట్టుకుంటుంది, పక్షి గూడు అల్లుతుంది, తేనెటీగలు పట్టు పెడతాయి, చీమలు పుట్ట పెడతాయి. ప్రతి ప్రాణి పనికీ తెలుగు ముందే ఒక క్రియ ఇచ్చేసింది. ‘కట్టుకుంటుంది’ అన్నామంటే ఆ ‘కొను’లోనే జవాబు వచ్చేసింది: తన కోసం, తన నుంచి. వాలేరీ ఆ జవాబు దగ్గరికి చాలా పేజీల తర్వాత గానీ రాడు. అలాగే ‘ఏర్పడింది’ అన్నా తప్పే, చేసినవాడు లేడని ముందే తీర్పు ఇచ్చినట్టు.

అందుకని ప్రాణి ప్రస్తావన వచ్చేదాకా ‘చేయు’ తప్ప ఇంకేదీ వాడకూడదు, మోటుగా వినబడినా సరే. ప్రశ్న కూడా ‘ఇది ఎవరు చేశారు’ కాదు, గుల్లసున్నం గారు రాసినట్టు ‘దీన్ని చేసిందెవరు’. ఆ రూపంలో చేసినవాడు ఒకడున్నాడన్న నమ్మకం దాగి ఉంది, వాలేరీ బయట పెట్టాలనుకున్నదీ దాన్నే. ప్రాణి దగ్గరికి వచ్చాక అప్పుడు ‘ఊరుతుంది’, ‘కట్టుకుంటుంది’ వదలాలి. అంత సేపు ఆపి ఉంచిన క్రియ వస్తే పాఠకుడికి తేడా చెవికి తగులుతుంది.

ఇంకొకటి. ‘ఫేర్’ను ఆయన కొన్నిచోట్ల పెద్ద అక్షరంతో రాస్తాడు. మన లిపిలో ఆ సౌకర్యం లేదు. కోట్ గుర్తులు పెడితే ఎగతాళిలా ఉంటుంది. అచ్చులో అయితే ముద్దక్షరం (బోల్డ్) పెట్టవచ్చు. లేదా ‘చేయడం అనే పని’ అని సాగదీయాలి. నేను ముద్దక్షరానికే ఓటు వేస్తాను.

రేగడి
వాక్య నిర్మాణం గురించి కూడా ఒక మాట. వాలేరీ పొడవు వాక్యం ముందుగా ప్రధాన క్రియ చెప్పేసి, తర్వాత కొమ్మలు వేస్తుంది. తెలుగులో క్రియ చివర. కొమ్మలన్నీ ‘-న’, ‘-ఇన’ విశేషణాలుగా ముందుకు తోస్తే పాఠకుడు ఊపిరాడక ఆగిపోతాడు. వరసగా రెండుకు మించి వద్దు. మూడోది వస్తే వాక్యం విరిచి ‘అది’, ‘ఆ’ తో అందుకోవాలి. విరిచేది సెమికోలన్ దగ్గర, సంబంధ వాక్యం దగ్గర కాదు. సెమికోలన్ దగ్గర ఆయన ఊపిరి తీసుకుంటాడు. సంబంధ వాక్యం దగ్గర ఆలోచన ఇంకా నడుస్తూ ఉంటుంది.

అరసున్న
అనువాదం ప్రచురించాలనుకుంటే హక్కుల సంగతి ముందు చూసుకోండి. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లు, కాబట్టి 2006 నుంచి వాలేరీ ఫ్రెంచ్ మూలం ఇక్కడ స్వేచ్ఛగా ఉంది. ఫ్రాన్సులో 70 ఏళ్లు, 2016 నుంచి. అమెరికాలో మాత్రం ఇంత పాత పుస్తకాలకు లెక్క ప్రచురణ నుంచి 95 ఏళ్లు. 1919, 1921 వ్యాసాలకు ఇబ్బంది లేదు, 1937 నాటి గుల్ల వ్యాసం 2033 జనవరి దాకా ఆగాలి. అక్కడి నుంచి నడిచే తెలుగు వెబ్ పత్రికలకు పంపేవాళ్లు దీన్ని గమనించాలి.

ఇంగ్లిష్ నుంచి చేస్తే వేరే సంగతి. బోలింజెన్ అనే అమెరికన్ గ్రంథమాలలో జాక్సన్ మాథ్యూస్ సంపాదకత్వంలో 15 సంపుటాలు వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసం ఏడో సంపుటంలో, డెనీజ్ ఫోలియో అనువాదం, కవి టి.ఎస్. ఎలియట్ ముందుమాట. గుల్ల వ్యాసం పదమూడో సంపుటంలో, రాల్ఫ్ మాన్‌హైమ్ అనువాదం. పోల్చి చూసుకోవడానికి అవి బంగారం. కానీ వాటి నుంచి తెలుగు చేసి అచ్చు వేయాలంటే అనుమతి కావాలి. పైగా ‘కాలం’ లాంటి చోట ఇంగ్లిష్ మీదుగా వస్తే మనకున్న లాభం పోతుంది.

వేకువపుట
వ్యాఖ్యానమా, ప్రక్రియా అన్న నా మొదటి ప్రశ్న ఒకటి మిగిలింది. తన కవిత ‘సముద్రతీర శ్మశానం’ మీద తానే రాసిన ‘సముద్రతీర శ్మశానం గురించి’ వ్యాసం వ్యాఖ్యానమే కదా అనవచ్చు ఎవరైనా.

దత్తపది
అది కూడా కాదు. పారిస్‌లోని సోర్బన్ విశ్వవిద్యాలయంలో గుస్తావ్ కోఎన్ అనే ఆచార్యుడు ఆ కవితను తరగతిలో పాఠంగా చెప్పాడు, వాలేరీ వెళ్లి కూర్చుని విన్నాడు. తర్వాత కోఎన్ పుస్తకానికి ఇది ముందుమాట అయింది. అందులో కవిత అర్థం చెప్పడానికి ఒప్పుకోడు. ఒక రచనకు నిజమైన అర్థం అంటూ ఒకటి ఉండదని అక్కడే అంటాడు. చెప్పేదల్లా తయారీ గురించి: మొదట దొరికింది ఖాళీ లయ, పది అక్షరాల పాదం, నాలుగూ ఆరుగా విరిగేది, ఫ్రెంచ్‌లో అప్పటికి వాడుక తగ్గినది. దాన్ని పన్నెండు అక్షరాల పాదానికి సాటి చేయాలన్న పంతం. ఆరు పాదాల చరణం. చరణాల మధ్య ఎదురు రంగులు. ఆ తర్వాతే విషయం వచ్చింది: సేత్ ఊరి సముద్రం, సమాధులు, మధ్యాహ్నం. 1920లో ఒకరోజు ఎన్నారెఫ్ సంపాదకుడు జాక్ రివియేర్ వచ్చి, ఉన్న దశలోనే కవితను పట్టుకుపోయాడు కాబట్టి అది అలా స్థిరపడింది, లేకపోతే ఇంకా మారుతూ ఉండేది అంటాడు.

అంటే కవిత మీద రాసినా, గుల్ల మీద రాసినా వ్యాసం అడిగేది ఒకటే. కవితను గుల్లలా చేతిలోకి తీసుకుని, దీన్ని చేసిందెవరు అని అడిగాడు. తానే చేసినా సరే, ఆ చేసినవాడు ఎవరో తనకూ పూర్తిగా తెలియదన్నట్టు రాశాడు.

వేకువపుట
అయితే గుల్ల వ్యాసంలో కళ గురించిన వాక్యం నేను ఇలా పట్టాను, చూడండి:

‘కళలో మనం పరిపూర్ణత అనేది (అందరూ దాన్ని కోరరు, చులకనగా చూసేవాళ్లూ ఉన్నారు) బహుశా ఏ చిన్న గుల్లయినా నాకు చూపించే ఆ తడబడని పనితనాన్నీ, లోపలి నుంచి పుట్టిన అవసరాన్నీ, రూపమూ పదార్థమూ ఒకదానికొకటి విడదీయలేనట్టు కట్టుబడి ఉండటాన్నీ మనిషి చేసిన పనిలో కోరుకోవడం లేదా కనుగొనడం అనే భావన మాత్రమేనేమో.’

సముద్రపుగాలి
మాటలన్నీ ఉన్నాయి, వరస పోయింది. ఫ్రెంచ్‌లో గుల్ల చిట్టచివర వస్తుంది. అంతదాకా కళ గురించే మాట్లాడుతూ, ఆఖరి మాటలో చేతిలోని వస్తువు వైపు చూపిస్తాడు. మీ వాక్యంలో అది మధ్యలో మునిగిపోయింది. రెండుగా విరిచి చూడండి:

‘కళలో మనం పరిపూర్ణత అనేది (అందరూ దాన్ని కోరరు, చులకనగా చూసేవాళ్లూ ఉన్నారు) బహుశా ఒక భావన మాత్రమేనేమో: తడబడని పనితనాన్నీ, లోపలి నుంచి పుట్టిన అవసరాన్నీ, రూపమూ పదార్థమూ విడదీయలేనట్టు పరస్పరం కట్టుబడి ఉండటాన్నీ మనిషి చేసిన పనిలో కోరుకున్నామనో, కనుగొన్నామనో అనిపించడం. వాటన్నిటినీ నాకు చూపిస్తున్నది మాత్రం ఏదో ఒక చిన్న గుల్ల.’

గుల్లసున్నం
రెండోదే బాగుంది. ‘మాత్రం’ తీసేయండి, మూలంలో ఆ ఎదురుమాట లేదు. అప్పటికే ‘భావన మాత్రమే’లో ఒకటి ఉంది కూడా.